నల్ల జాకెట్టు కుట్లు విప్పాలంటే ముందు లైటు సంగతి చూడండి

నల్ల బట్ట కుట్లు విప్పడం కష్టం అనేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, కళ్ళు బాగానే ఉన్నాయి, లైటే సరిగ్గా లేదు. నలుపు, నేవీ బ్లూ, ముదురు మెరూన్ లాంటి వాటిలో దారం బట్టలో కలిసిపోయి ఏది కుట్టో ఏది బట్ట పోగో తెలీదు, రిప్పర్ (కుట్లు తెంపే చిన్న పనిముట్టు) ముక్కు దారం కిందకి వెళ్ళాల్సింది పోగు కిందకి వెళ్తుంది, చిన్న చిల్లు పడుతుంది. అది అప్పటికప్పుడు కనపడదు కూడా, ఒంటి మీద బిగుతుగా లాగినప్పుడు చంక దగ్గర బయటపడుతుంది.

పైన ట్యూబ్ లైట్ ఎంత వెలుగున్నా ఈ పనికి సరిపోదు, నేరుగా పైనుంచి పడే వెలుగులో నలుపంతా ఒకేలా ఉంటుంది. ఫోన్ టార్చ్ ఆన్ చేసి బట్ట పక్కన, బల్లకి ఆనేంత కిందగా పెట్టండి, వెలుగు ఏటవాలుగా పడాలి, అప్పుడు ప్రతి కుట్టుకీ చిన్న నీడ పడి వరస మొత్తం తేలుతుంది. లైనింగ్ లేని పల్చటి బట్ట అయితే కింద నుంచి లైటు పెట్టినా సూది బొక్కలు చుక్కల్లా మెరుస్తాయి. పగలు కిటికీ పక్కన కూర్చుంటే ఇంకా మంచిది, రాత్రి నిద్ర కళ్ళతో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

దాంతో కూడా కనపడకపోతే తెల్ల సుద్ద. టైలరింగ్ సుద్దని పడుకోబెట్టి కుట్టు మీద మెల్లగా రాయండి, దారం బట్ట కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి సుద్ద ముందు దానికే అంటుతుంది. టూ బై టూ జాకెట్టు బట్ట, కాటన్, టెరీకాట్ వీటి మీద లోపలి వైపు హాయిగా చేయొచ్చు. పట్టు మీద, వెల్వెట్ మీద వద్దు, మైనం కలిసిన సుద్ద అయితే అసలే వద్దు, ఇస్త్రీ వేడికి కరిగి మరకవుతుంది.

ఇక జాకెట్టు లూజు చేసుకునేవాళ్ళు జాగ్రత్తగా చూడాల్సింది, మన టైలర్లు పక్కన రెండు మూడు వరసలు కుట్టి పెడతారు కదా, తర్వాత ఒళ్ళు వస్తే ఒక్కోటి విప్పుకోవడానికి. విప్పాల్సింది ఒంటికి దగ్గరగా ఉన్న వరస, బట్ట అంచు వైపున్నది కాదు. రంగు బట్టలో ఇది చూడగానే తెలుస్తుంది, నల్లదాంట్లో విప్పుతూ విప్పుతూ చంక మలుపు దగ్గర పక్క వరసలోకి వెళ్ళిపోతారు, అక్కడ వరసలన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి మరి. అందుకే ముందే ఉంచాల్సిన వరస పక్కన తెల్ల దారంతో పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి, చేతి అంచు నుంచి నడుము దాకా. వరసల మధ్య పావు అంగుళం ఉంటే ఒక వరస విప్పితే ఒక్కో పక్క అర అంగుళం, రెండు పక్కలా కలిపి అంగుళం లూజు వస్తుంది, అది చాలా, రెండు వరసలు కావాలా అనేది విప్పకముందే వేసుకుని చూసి తేల్చుకోండి.

విప్పేటప్పుడు మొదలు నుంచి పెట్టుకోవద్దు. మొదట్లో చివర్లో లాక్ కోసం వెనక్కి ముందుకి కుట్టి ఉంటారు, నల్ల దారం అక్కడ గడ్డలా ఉండి ఏం కనపడదు. మధ్యలో మొదలుపెట్టి నాలుగైదు కుట్లకి ఒకటి చొప్పున రిప్పర్‌తో తెంపుకుంటూ పోండి, అంతా ఒక వైపు నుంచే, తర్వాత బట్ట తిప్పి రెండో వైపు దారం పట్టుకుని లాగితే పొడుగ్గా వచ్చేస్తుంది. రాకపోతే గుంజకండి, మధ్యలో ఇంకో కుట్టు తెంపండి. లాక్ దగ్గరకి వచ్చేసరికి ఒక దారం కొస చేతిలో ఉంటుంది, దాన్ని పట్టుకుని సూదితో ఒక్కో కుట్టు లేపి తెంపితే సరి. రెండు పొరల మధ్య రిప్పర్ పెట్టి సర్రున తోసుకుంటూ పోవడం, బట్ట లాగి పట్టి బ్లేడు తగిలించడం, ఇవి షాపుల్లో చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తారు, ఇంట్లో నల్ల బట్టకి నేనైతే ఒప్పుకోను.

ఓవర్‌లాక్, అంటే బట్ట అంచు పోగులు ఊడకుండా వేసే అల్లిక కుట్టు కూడా ఉంటే దాంట్లో నిటారుగా పోయే సూది దారం వెతికి అదొక్కటే అక్కడక్కడా తెంపి లాగండి, మిగతా ఉచ్చులు వాటంతటవే వదులైపోతాయి. జీన్స్ అంచుల్లో కొన్నిటికి చైన్ కుట్టు ఉంటుంది, అది బియ్యం బస్తా మూతి కుట్టు లాంటిదే, సరైన కొస దొరికితే ఒక్క లాగుడుకి మొత్తం ఊడి వస్తుంది.

వెల్వెట్ సంగతి వేరు. దారం నూగులోకి దిగిపోయి ఉంటుంది కాబట్టి పైనుంచి ముట్టుకోకుండా వెనక వైపు నుంచే తెంపాలి, దారం ముక్కలు గోరుతో గీకకుండా పట్టుకారుతో ఒక్కోటి తీయాలి. మిగతా బట్టలకైతే సెల్లోటేపు అద్ది తీస్తే ముక్కలన్నీ అంటుకొచ్చేస్తాయి.

తర్వాత బొక్కల గీత మిగులుతుంది. కాటన్‌కి కాస్త తడి చేసి గోరుతో అటూ ఇటూ మెల్లగా రుద్ది, పైన పల్చటి గుడ్డ వేసి లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుకుంటాయి. గుడ్డ తప్పనిసరి, నలుపు మీద ఇస్త్రీ పెట్టె నేరుగా పెడితే మెరుపు మచ్చ పడుతుంది, అది సులువుగా పోదు. శాటిన్, పట్టులో బొక్కలు ఉండిపోవచ్చు, పాత జాకెట్టు అయితే బయటి రంగు వెలిసి లోపలి మడత ముదురుగా ఉంటుంది, ఆ చార దాచడానికి దారి లేదు, కాబట్టి అలాంటివి విప్పేముందు లోపలి మడత ఒకసారి తెరిచి రంగు చూసుకోండి.

కొత్తగా కుట్టుకునేవాళ్ళకి ఇంకో మాట. అయ్యప్ప మాల నల్ల చొక్కాలైనా స్కూలు నేవీ ప్యాంట్లైనా, కొలత ఖాయం కాకముందు వేసే కుట్టుకి బాబిన్‌లో (మిషను కింద దారం చుట్టి పెట్టే చిన్న చక్రం) ముదురు యాష్ దారం పెట్టండి, మిషను మీద కుట్టు పొడుగు 4 మీద ఉంచండి. టెన్షన్, అంటే దారం బిగువు సరిగ్గా ఉంటే బయటికి కనపడదు, విప్పాల్సి వస్తే మాత్రం లోపల యాష్ గీత చక్కగా దొరుకుతుంది, ఫిట్టింగ్ కుదిరాక దాని మీద కాకుండా దానికి ఆనుకుని పక్కనే నల్ల దారంతో 2.5 లో ఇంకోసారి కుట్టేసి యాష్ వరస లాగేయండి.