పదహారు మందితో ఒక్కరోజు చదరంగం నాకౌట్: నిర్వహించే పద్ధతి

మన పట్టణాల్లో చదరంగం టోర్నమెంటు అంటే దాదాపుగా స్విస్ పద్ధతిలోనే, అంటే ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్నవారిని జతచేసే పద్ధతిలోనే జరుగుతుంది. అందులో న్యాయముంది. ఓడినవారూ చివరి రౌండు వరకు ఆడతారు, ఒక ఆటలో చేసిన పొరపాటును తర్వాతి ఆటలో దిద్దుకునే వీలుంటుంది. నాకౌట్‌లో ఆ వెసులుబాటు లేదు. తొలి రౌండు ముగిసేసరికి సగం మంది పోటీ నుంచి తప్పుకుంటారు. అందుకే నాకౌట్ నిర్వహించదలచినవారు ఒక విషయాన్ని మనసులో గట్టిగా నిలుపుకోవాలి: ఎవరు ఎవరితో ఆడతారు, సమమైతే ఏం చేస్తారు, ఆలస్యమైతే ఏమవుతుంది అనే ప్రశ్నలన్నింటికీ మొదటి పావు కదలకముందే కాగితం మీద జవాబు ఉండాలి. ఓడి వెళ్ళిపోయే పిల్లవాడికి తాను ఆటలో ఓడానన్న బాధ మాత్రమే మిగలాలి గాని, నియమం తెలియక ఓడానన్న బాధ మిగలకూడదు.

ఒక్కరోజులో ముగించాలంటే పదహారు మంది సరైన సంఖ్య. నాలుగు రౌండ్లు, పదిహేను మ్యాచ్‌లు. ప్రతి మ్యాచ్‌కూ ఒకరు తప్పుకుంటారు గనుక ఎంతమంది ఆడినా మ్యాచ్‌ల సంఖ్య ఆటగాళ్ళ సంఖ్య కంటే ఒకటి తక్కువగానే ఉంటుంది. నలభై, యాభై పేర్లు వస్తే అందరినీ నాకౌట్‌లోకి దించడం కంటే, ముందురోజు స్విస్ రౌండ్లు ఆడించి మొదటి పదహారు మందిని ఎంపిక చేసుకోవడం మేలు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) ప్రపంచ కప్‌లోనూ 24 మంది మొదట గ్రూపు దశ ఆడారు, అందులో నెగ్గుకొచ్చినవారికే నాకౌట్ దశ దక్కింది. ఫైనల్లో విశ్వనాథన్ ఆనంద్ కాసిమ్‌జానోవ్‌ను ఓడించి కప్ గెలిచాడు. వడపోత తర్వాత వచ్చే నాకౌట్‌లో ఆట నాణ్యత పెరుగుతుంది, వచ్చినవారందరికీ కనీసం ఐదారు ఆటలు దక్కుతాయి.

ఇక జతల పట్టిక. మన నిర్వాహకులు దీన్ని కూడా 'డ్రా' అనే పిలుస్తారు. సమంగా ముగిసిన ఆటకూ అదే పేరు కావడంతో మైకులో చెప్పేటప్పుడు గందరగోళం తప్పదు. దీన్ని 'పట్టిక' అని, సమమైన ఆటను 'డ్రా' అని వేరుచేసి పిలవడం మంచిది. పట్టిక తయారీకి ఆటగాళ్ళను బలాన్ని బట్టి 1 నుంచి 16 వరకు వరుసలో పెట్టాలి. ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పే ఫిడే రేటింగ్ జాబితా ప్రతి నెల మొదటి తేదీన వెలువడుతుంది గనుక, ఏ నెల జాబితాను, అందులో ఏ రకం రేటింగును ప్రమాణంగా తీసుకుంటున్నారో ప్రకటనలోనే రాయాలి. క్లాసికల్ (నిదానపు ఆట), ర్యాపిడ్ (వేగపు ఆట), బ్లిట్జ్ (అతివేగపు ఆట) రేటింగులు వేర్వేరు. కింద చెప్పబోయే సమయ నియమానికి ర్యాపిడ్ రేటింగు తగినది. రేటింగు లేనివారిని చివరి స్థానాల్లో ఉంచి, వారి మధ్య వరుసను అందరి ఎదుట చీటీలు తీసి నిర్ణయించాలి. ముందురోజు స్విస్ ఆడించి ఉంటే రేటింగును పక్కన పెట్టి, అందులో వచ్చిన స్థానాలనే వరుసగా తీసుకోవడం ఇంకా న్యాయం.

పట్టికలో మొదటి రౌండు జతలు పైనుంచి కిందికి ఇలా ఉంటాయి: 1–16, 8–9, 5–12, 4–13, 6–11, 3–14, 7–10, 2–15. సరిచూసుకోవడం సులువు. ప్రతి జత మొత్తం 17 రావాలి. పై స్థానాలవారే గెలుస్తూ పోతే రెండో రౌండులో ప్రతి జత మొత్తం 9, సెమీఫైనల్లో 5, ఫైనల్లో 3 వస్తుంది. ఎక్కడైనా ఈ లెక్క తప్పితే పట్టిక తప్పినట్టే. మొదటి ఇద్దరు ఫైనల్‌కు ముందు ఎదురుపడకుండా చూడటమే ఈ అమరిక ఉద్దేశం. రౌండు ముగిసిన ప్రతిసారీ మళ్ళీ జతలు మార్చకూడదు. ఒకసారి గోడకు అంటించిన పట్టిక చివరి వరకు అదే.

ఆటగాళ్ళు పదహారుకు తక్కువైతే ఖాళీలను పై స్థానాలవారికి బైలుగా, అంటే ఆడకుండానే తర్వాతి రౌండుకు వెళ్ళే అవకాశంగా ఇవ్వాలి. పదముగ్గురు వస్తే ఖాళీలు మూడు కాబట్టి 1, 2, 3 స్థానాలవారు నేరుగా రెండో రౌండుకు వెళ్తారు. ప్రపంచ స్థాయిలోనూ ఇదే లెక్క. 2025లో గోవాలో జరిగిన ప్రపంచ కప్‌లో 206 మంది ఆడారు. పట్టిక 256 స్థానాలది గనుక మొదటి 50 మందికి బై దక్కింది. అదే ఏడాది బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్‌లో 107 మంది ఉండగా, 128 స్థానాల పట్టికలో 21 బైలు వచ్చాయి. చీటీ తీసి ఎవరికో ఒకరికి బై ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని మానుకోవాలి.

ఒకే శిక్షణ కేంద్రం పిల్లలిద్దరు మొదటి రౌండులోనే ఎదురుపడితే తల్లిదండ్రులు వచ్చి మార్చమని అడుగుతారు. రేటింగు వరుస ప్రకారం పడిన జతను మార్చకపోవడమే నా సలహా. మార్చాలనుకుంటే ఆ నియమాన్ని ప్రకటనలోనే ఉంచి, ఆ ఇద్దరిలో కింది స్థానం వారిని వరుసలో పక్కనున్న వారితో మార్చాలి. పట్టిక ప్రకటించాక మాత్రం ఎవరు అడిగినా, ఎంత పెద్దవారు అడిగినా చేయి పెట్టకూడదు.

ప్రతి మ్యాచ్‌లో రెండు ఆటలు ఉండాలి, రెండో ఆటలో రంగులు మారాలి. తెల్లపావులవారికి మొదటి ఎత్తు వల్ల కొంత అనుకూలత ఉంటుంది కాబట్టి, ఒక్క ఆటతో ఒకరిని ఇంటికి పంపడం సరికాదు. సమయ నియమంగా ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ప్రతి ఎత్తుకు 5 సెకన్ల చేర్పు ఇవ్వవచ్చు. అరవై ఎత్తుల ఆటలో ఇది ఒక్కొక్కరికి 15 నిమిషాలవుతుంది, అంటే ఆటకు అరగంట. ఫిడే లెక్కలో ఇది ర్యాపిడ్ కిందికి వస్తుంది. రెండు ఆటలకు గంట, మధ్యలో పది నిమిషాల విరామం. చేర్పు లేకుండా పాత గడియారాలతో ఆడించడం నాకు సమ్మతం కాదు. ఏనుగులు మిగిలిన ముగింపు దశలో గెలుపు ఖాయమైనా సమయం అయిపోయి ఓడిన పిల్లలను చూసినవారెవరూ దాన్ని ఇష్టపడరు.

రెండు ఆటల తర్వాత పాయింట్లు 1–1తో సమమైతే విజేతను తేల్చే అదనపు ఆటలు, అంటే టైబ్రేక్. నాకౌట్‌లో ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే కాబట్టి దీన్ని మెట్లు మెట్లుగా రాసుకోవాలి. మొదటి మెట్టు 3 నిమిషాలు, 2 సెకన్ల చేర్పుతో రెండు బ్లిట్జ్ ఆటలు. ఇవి ఇరవై నిమిషాల్లో ముగుస్తాయి. అప్పటికీ సమమైతే ఆర్మగెడాన్: తెల్లపావులకు 5 నిమిషాలు, నల్లపావులకు 4 నిమిషాలు, చేర్పు లేదు, ఆట డ్రా అయితే నల్లపావులవారు గెలిచినట్టు. రంగు ఎంపికకు నాణెం వేసి, గెలిచినవారిని కోరుకోమనాలి. ఈ ఆట తొమ్మిది నిమిషాలకు మించదు, నిర్వాహకులకు దీని ప్రయోజనం అదే. బాకులో 2023 ప్రపంచ కప్‌కు ఆర్మగెడాన్‌ను పక్కన పెట్టి, ఎవరో ఒకరు గెలిచేవరకు రంగులు మారుస్తూ 3 నిమిషాల ఆటలు ఆడించే నియమం పెట్టుకున్నారు. ఆట విలువ రీత్యా అదే మెరుగు. కాని ఎనిమిది బోర్డులవారు ఒక బోర్డు కోసం ఎదురుచూసే ఒక్కరోజు పోటీలో దాన్ని భరించడం కష్టం.

డ్రా అయితే నల్లపావులవారిదే గెలుపన్న సంగతిని ఆర్మగెడాన్ మొదలయ్యే ముందు ఆర్బిటర్ (తీర్పరి) ఇద్దరి చేతా చెప్పించుకోవాలి. తెల్లపావులతో ఆడుతున్న ఒక అమ్మాయి బోర్డు మీద ఒకే స్థితి మూడుసార్లు వచ్చింది కాబట్టి ఆట డ్రా అని తానే సంతోషంగా క్లెయిము చేసి, ఓడిపోయిందని తెలిశాక గడియారం వైపు అలా చూస్తూ ఉండిపోవడం నేను కళ్ళారా చూశాను. నియమం గోడ మీద ఉంది, కాని ఆ పాపకు ఎవరూ చెప్పలేదు. ఆ తప్పు ఆమెది కాదు.

టైబ్రేక్ ఆటలను చిన్నచూపు చూడటం కూడా తగదు. బటూమి మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో మన కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి, ర్యాపిడ్ మొదటి ఆటా డ్రా అయింది, 2025 జూలై 28న జరిగిన రెండో ర్యాపిడ్ ఆట దివ్యను విజేతను చేసింది. ప్రపంచ కప్ తేలింది ఆ నాలుగో ఆటలో. ఊరి పోటీలోనూ ఇద్దరికీ అయిదు నిమిషాల విశ్రాంతి ఇచ్చి, బోర్డు చుట్టూ గుమిగూడినవారిని దూరంగా నిలబెట్టి, ఆర్బిటర్ ఆ బోర్డు దగ్గరే ఉండి చూడాలి.

ఈ లెక్కన ఒక రౌండుకు గంటా నలభై ఐదు నిమిషాలు కేటాయించాలి: రెండు ఆటలు, విరామం కలిపి 70, బ్లిట్జ్‌కు 25, ఆర్మగెడాన్‌కు 10. నాలుగు రౌండ్లకు ఏడు గంటలు. ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి భోజనానికి గంట వదిలితే సాయంత్రం ఐదుకు ఫైనల్ ముగుస్తుంది. వంద ఎత్తుల ఆటలు ఒకటి రెండు వస్తాయి గనుక హాలును ఏడింటి వరకు మాట్లాడుకోండి. నమోదును ఎనిమిదిన్నరకు ఆపేయాలి. ఎవరైనా రాకపోతే మొదటి రౌండుకు ముందు మాత్రమే నిరీక్షణ జాబితా నుంచి ఒకరిని వారి స్థానంలో చేర్చవచ్చు. ఆ తర్వాత గడియారం నొక్కి పది నిమిషాలు దాటినా రానివారు ఆ ఆట ఓడినట్టే. రెండో ఆటకు వస్తే ఆడనివ్వాలి.

ఆర్బిటర్లు కనీసం ఇద్దరు కావాలి. ముట్టిన పావునే కదపాలన్న నియమాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేయాలి. చెల్లని ఎత్తు వేసి గడియారం నొక్కితే, ర్యాపిడ్‌లో మొదటిసారి ప్రత్యర్థికి 2 నిమిషాలు, బ్లిట్జ్‌లో 1 నిమిషం అదనంగా ఇవ్వాలి, రెండోసారి అదే జరిగితే ఆట పోతుంది. ఫోన్లు హాలు బయట బల్ల మీద పేరు రాసిన కవర్లలో ఉండాలి. ఫలితం మీద ఇద్దరూ సంతకం చేసిన తర్వాతే పట్టికలో పేరు ముందుకు జరపాలి.

ఓడినవారి సంగతి చివర చెబుతున్నాను గాని నా దృష్టిలో ఇది పట్టికంత ముఖ్యం. మొదటి రౌండులో ఓడిన ఎనిమిది మందికి వెంటనే రెండో పట్టిక వేసి 'ప్లేట్' పోటీ ఆడించండి. ఖర్చేమీ పెరగదు. మొదటి రౌండుకు ఎనిమిది బోర్డులు, ఎనిమిది గడియారాలు ఎలాగూ తెచ్చారు. రెండో రౌండు నుంచి అసలు పోటీకి నాలుగే చాలు, మిగిలిన నాలుగూ ప్లేట్‌కు సరిపోతాయి. రెండు పోటీలూ మూడు రౌండ్లలో ఒకేసారి ముగుస్తాయి. ప్రతి పిల్లవాడికీ కనీసం నాలుగు ఆటలు దక్కుతాయి. ప్లేట్ విజేతకు ఒక కప్పు, అదే వేదిక మీద, అదే పెద్దల చేతుల మీదుగా ఇప్పించండి.

సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ మూడో స్థానం మ్యాచ్‌ను ఫైనల్‌తో పాటే పక్క బోర్డు మీద పెట్టండి. గోవా ప్రపంచ కప్‌లో మూడో స్థానం మ్యాచ్ గెలిచిన ఆండ్రీ ఎసిపెంకోకు, ఫైనల్ ఆడిన సిందరోవ్, వెయ్ యీలతో పాటు, ప్రపంచ విజేతతో తలపడేవారిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నమెంటులో చోటు దక్కింది. మీ పోటీలో దక్కేది ఒక చిన్న కప్పే కావచ్చు, దాన్ని నాణెం వేసి ఇవ్వకండి. ఫైనల్ ఆటలను మాత్రం ఒక ఆర్బిటర్ స్కోర్‌షీటు మీద రాసి, నకలు తీసి ఇద్దరు ఆటగాళ్ళకూ ఇచ్చి పంపండి.