వాలు పెరట్లో పాండ్ తవ్వుతున్నారా, అంచు లెవెల్ ఇలా చూసుకోండి

నేల వాలుగా ఉంటే పాండ్ అంచు కంటికి సమానంగానే అనిపిస్తుంది, తీరా నీళ్ళు నింపాక పల్లం వైపు పొర్లిపోతుంటాయి, మెరక వైపేమో నీళ్ళు ఇంకకుండా గుంటలో పరిచే షీట్ జానెడు బయటికి కనిపిస్తుంటుంది. షీట్ పరవకముందే మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో చూసేసుకుంటే ఈ బాధ ఉండదు.

10 మీటర్ల ట్రాన్స్‌పరెంట్ పైపు తీసుకుని రెండు కొసల్లో జానెడు ఖాళీ ఉంచి నీళ్ళు నింపండి, గుంట చుట్టూ మీటరుకో కర్ర పాతండి. మొదటి కర్రకి ఒక కొస కట్టేసి నీళ్ళు నిలిచిన చోట గీత గీయండి. రెండో మనిషి ఇంకో కొస పట్టుకుని ఒక్కో కర్ర దగ్గరికీ వెళ్ళి, మొదటి కర్ర దగ్గర నీళ్ళు మళ్ళీ ఆ గీతకే వచ్చేదాకా తన కొసని పైకీ కిందికీ జరిపి, తన వైపు నీళ్ళు ఎక్కడుంటే అక్కడ గీత పెట్టాలి. అన్ని గీతల నుంచీ కిందికి ఒకే కొలత, అంచు అక్కడికి రావాలి అంతే. పల్లం వైపు తవ్విన మట్టినే 10 సెంటీమీటర్ల చొప్పున పోసి, ప్రతి పొరా గట్టిగా దిమ్మిస చేసి లేపండి, వదులుగా పోస్తే తర్వాత కుంగుతుంది. పైనుంచి చిన్న కాలువ కూడా పెడుతుంటే నీళ్ళు అంచుదాకా నింపొద్దు, పాండ్ నీళ్ళని పైకి తోడే మోటర్ ఆపగానే కాలువలోవన్నీ పాండ్‌లోకే దిగుతాయి.

పైపులో ఒక్క గాలి బుడగ ఉన్నా, ఎక్కడైనా మడత పడినా లెవెల్ తప్పు చూపిస్తుంది, కాబట్టి మొదలుపెట్టే ముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్ళు సమానంగా ఉన్నాయో లేదో చూడండి.