సీడీ8 కణాలు తీసేసిన ప్రయోగాన్ని ఎలా చదవాలి

ఎస్ఐవీ (హెచ్ఐవీ లాంటి కోతుల వైరస్) సోకిన కోతిలో వైరస్‌ను ఏ కణం అదుపు చేస్తోంది? ఇది తేల్చడానికి ఎక్కువగా వాడే పద్ధతి ఒకటుంది. యాంటీబాడీ ఎక్కించి సీడీ8 కణాలను (పైన సీడీ8 అనే ప్రొటీన్ ఉన్న రోగనిరోధక కణాలు, ముఖ్యంగా టీ కణాలు) తీసేస్తారు, తర్వాత రక్తంలో వైరస్ ఏమవుతుందో చూస్తారు. కణాలను రంగుల గుర్తులతో లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ మీద ఇలాంటి శాంపిళ్లు నడపడం నా పని. కొత్తగా చేరినవాళ్లు గ్రాఫ్ చూడగానే "టీ కణాలు పోయాయి, వైరస్ పెరిగింది, అంతే కదా" అంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఏ యాంటీబాడీ వాడారో వెతకండి. సీడీ8కి ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులుంటాయి. రీసస్ కోతుల్లో ఎన్‌కే కణాల (సోకిన కణాలను చంపే మరో రకం రోగనిరోధక కణాలు) మీద కూడా ఆల్ఫా ఉంటుంది. కాబట్టి ఆల్ఫాను పట్టే యాంటీబాడీ టీ కణాలతో పాటు వాటినీ ఊడ్చేస్తుంది. బీటాను పట్టేదైతే ఎన్‌కే కణాలు మిగులుతాయి. 1999లో వచ్చిన ప్రయోగాల్లో, ఇన్‌ఫెక్షన్ తొలి రోజుల్లో సీడీ8 కణాలు తీసేస్తే వైరస్ మామూలుగా దిగాల్సినట్టు దిగలేదు. పాత ఇన్‌ఫెక్షన్‌లో తీసేస్తే ఎగబాకి, కణాలు తిరిగి రాగానే తగ్గింది. చాలా బలమైన ఫలితమే. కానీ ఆ ఘనత మొత్తం టీ కణాలదే అనాలంటే, బీటా యాంటీబాడీతో చేసిన ప్రయోగాన్ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

తర్వాత, కణాలు నిజంగా పోయాయా? టీ కణాల గుర్తైన సీడీ3ని అడ్డంగా, సీడీ8ని నిలువుగా పెట్టిన చుక్కల ప్లాట్ తెరవండి. కుడివైపు పైమూల టీ కణాల గుంపు, ఎడమవైపు పైన ఎక్కువగా ఎన్‌కే గుంపు. యాంటీబాడీ ఎక్కించాక రెండూ ఖాళీ అయినట్టు కనిపించవచ్చు. ఎక్కించిన యాంటీబాడీ కూర్చున్న చోటే మన రంగు యాంటీబాడీ కూడా అతుక్కునేదైతే, కణం అక్కడే ఉన్నా మనకు కనబడదు. వేరే చోట అతుక్కునే క్లోన్ (యాంటీబాడీ రకం) వాడారో లేదో తప్పకుండా చూడండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే సంగతి: సీడీ4 కణాలు, అంటే మరో రకం టీ కణాలు. సీడీ8 కణాలు పోయాక ఐఎల్-15 అనే సంకేత ప్రొటీన్ ప్రభావంతో మెమరీ (పాత సోకుడును గుర్తుంచుకునే) సీడీ4 కణాలు జోరుగా విభజిస్తాయి. ఎస్ఐవీకి మేత అవే. అంటే వైరస్ పెరగడానికి కాపలా పోవడం ఒక కారణమైతే, మేత పెరగడం ఇంకో కారణం కావచ్చు. విభజనను చూపే కేఐ-67 గ్రాఫ్‌ను వైరస్ గ్రాఫ్ పక్కన పెట్టి, ఏది ముందు కదిలిందో తేదీలవారీగా చూడండి.

రక్తంతోనే ఆగిపోకండి. లింఫ్ నోడ్‌లోని ఫాలికిల్స్‌లోకి (బీ కణాలు గుమిగూడే చిన్న గుండ్రటి భాగాలు) సీడీ8 టీ కణాలు చాలా తక్కువగా వెళ్తాయి. వైరస్‌ను బాగా అదుపు చేసే రీసస్ కోతుల్లో కూడా అది అక్కడి సీడీ4 కణాల్లో దాక్కుంటుంది. ఆఫ్రికన్ గ్రీన్ కోతుల్లో ఎన్‌కే కణాలు ఆ ఫాలికిల్స్‌లోకే చొరబడి దాన్ని అణచిపెడతాయి. నాకు ఈ రంగంలో అన్నిటికంటే అద్భుతంగా అనిపించే విషయం ఇదే.

వైరస్ గ్రాఫ్‌లో నిలువు అక్షం లాగ్ స్కేల్, అంటే ఒక్కో గడికి పది రెట్లు అని మర్చిపోవద్దు. రెండు గళ్లు పెరిగిందంటే వంద రెట్లు.

చివరిగా, సగటు గీతను వదిలి ఒక్కో గీతనూ వేలితో పట్టుకుని చదవండి. ఒక్కో గీత ఒక ప్రాణి. మాము-బీ08 జన్యువున్న రీసస్ కోతుల్లో దాదాపు సగం ఎస్ఐవీని వాటంతటవే అదుపు చేసుకుంటాయి. అలాంటివి ఒక గుంపులోనే ఎక్కువగా చేరాయేమో, జన్యువుల పట్టిక చూశాకే రెండు గుంపులనూ పోల్చండి.