అక్టోబర్‌లో సౌత్ డకోటా మీదుగా ఆర్‌వీ ప్రయాణమా? ముందు గాలి సంగతి చూడండి

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో బ్యాడ్‌లాండ్స్, మౌంట్ రష్‌మోర్ చూడటానికి ఆర్‌వీ (మంచం, వంటిల్లు ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని బయల్దేరే మనవాళ్లు చలికి బాగానే సిద్ధపడతారు. కానీ అక్టోబర్‌లో ఆ గడ్డి మైదానాల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది గాలి. సూ ఫాల్స్ నుంచి రాపిడ్ సిటీ దాకా ఐ-90 హైవే మీద దాదాపు 350 మైళ్లు. దారిలో గాలికి అడ్డం పడే చెట్లు, కొండలు చాలా తక్కువ. రోడ్డు తూర్పు పడమరలుగా సాగుతుంది కాబట్టి ఉత్తరపు గాలి వచ్చి నేరుగా బండి పక్క గోడను కొడుతుంది.

ముందు రోజు రాత్రి, మళ్లీ పొద్దున్నే నేషనల్ వెదర్ సర్వీస్ సూచన చూడండి. టెంపరేచర్ ఒక్కటే కాదు, గస్ట్స్ (ఒక్కసారిగా విసిరే గాలి వేగం) ఎంతో చూడాలి. అది గంటకు 40 మైళ్లు దాటేలా ఉంటే ఆ రోజు ఆగిపోండి. హోటల్ బుకింగ్ పోతే పోనివ్వండి.

ఆ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ గంటకు 80 మైళ్లు. అది మీ బండికి కాదు. వెనక లాగే ట్రైలర్ల టైర్లు చాలావాటికి 65 మైళ్లే హద్దు. 60 దగ్గర ఉంచండి. పెద్ద ట్రక్కు దాటేటప్పుడు బండిని మొదట పక్కకు నెట్టినట్టు, తర్వాత ట్రక్కు వైపు లాగినట్టు అవుతుంది. వంతెన కింద నుంచి బయటపడగానే గాలి మళ్లీ విసురుగా తగులుతుంది. టెన్షన్ పడి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకండి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తగ్గిస్తే చాలు.

ఎదురుగాలికి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మిస్సోరి నది దాటాక ఊళ్లు దూరదూరంగా ఉంటాయి కనుక ట్యాంకు సగమవగానే నింపుకోండి.

నడుస్తున్న బండిలో లేచి టీ పెట్టడం, పిల్లల్ని వెనక మంచం మీద పడుకోబెట్టడం మనవాళ్లలో చూస్తుంటాను. దయచేసి వద్దు. అందరూ బెల్టు పెట్టుకోవాలి, ప్రొపేన్ (వంట గ్యాస్) వాల్వ్ కట్టేయాలి.

పడమటికి వెళ్తుంటే దారిలో గడియారం గంట వెనక్కి జరుగుతుంది. అక్టోబర్ మధ్యలో బ్యాడ్‌లాండ్స్ దగ్గర సాయంత్రం ఆరు ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. అంతకుముందు ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, ఆ తర్వాత జింకలు రోడ్డెక్కుతాయి. అవి జతకట్టే కాలం కావడంతో చూసుకోకుండా పరుగెత్తుతాయి. అడ్డమొస్తే తిన్నగా బ్రేకు వేయండి, పక్కకు తిప్పితే బండి బోల్తా పడొచ్చు. నాలుగింటికల్లా క్యాంప్‌గ్రౌండ్ చేరేలా చూసుకోవడం మేలు.

మంచు ఇంకా రాదులే అనుకోకండి. 2013 అక్టోబర్ మొదటి వారంలోనే పశ్చిమ సౌత్ డకోటాను మంచు తుఫాను ముంచెత్తి వేల పశువులు చనిపోయాయి. హైవే గేట్లు మూసేస్తే జీపీఎస్ చూపించే కంకర రోడ్ల వెంట వెళ్లకండి. దగ్గరి ఊళ్లోనే ఉండిపోండి.

ఈ సీజన్లో చాలా క్యాంప్‌గ్రౌండ్లు మూతపడతాయి, తెరిచి ఉన్నచోట కూడా నీళ్లు ఆపేసి ఉండొచ్చు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బండి ముందు భాగం గాలికి ఎదురుగా పెట్టి, ఆనింగ్ (బండి పక్కన నీడకు చాపే గుడ్డ పందిరి) ముడిచేయండి. రాత్రి గడ్డకట్టే చలి ఉంటే నీళ్ల పైపు విప్పి, అందులోని నీళ్లు వంచేయండి. వెచ్చదనం కోసం గ్యాస్ స్టవ్ వెలిగించుకుని పడుకోకూడదు. అలాంటప్పుడు పోగయ్యే విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బండి తీసుకునే రోజే బటన్ నొక్కి చూసుకోండి.