అమెరికా పాత చిల్లర నోట్ల సేకరణ – 3వ పాఠం: నోటును చదవడం

1837 మే నెలలో న్యూయార్క్ బ్యాంకులు తమ నోట్లకు వెండి, బంగారు నాణేలు ఇవ్వడం ఆపేయగానే చిల్లర మాయమై, దుకాణదారులు, కాలువ కంపెనీలు, పట్టణ పాలక సంఘాలు సెంట్ల నోట్లను సొంతంగా అచ్చు వేయించుకున్న వైనాన్ని గత పాఠంలో చూశాం. అలాంటి నోటు చేతికి వచ్చినప్పుడు ఎలా చదవాలన్నది ఈ పాఠం.

మొదట విలువను చూడాలి. 6¼, 12½ సెంట్లు అని ఉంటే అచ్చుతప్పు అనుకోవద్దు. స్పానిష్ వెండి నాణేలు అమెరికాలో 1857 వరకు చట్టప్రకారం చెల్లేవి. ఎనిమిది రేయాళ్లు ఒక డాలరు కాబట్టి ఒక రేయాలు 12½ సెంట్లు, అర రేయాలు 6¼ సెంట్లు అయ్యాయి. నోట్లు ఆ నాణేల స్థానంలోనే వచ్చాయి.

తరువాత చెల్లింపు షరతు. చాలా నోట్ల మీద, ఐదు డాలర్ల మొత్తం పోగయ్యాక తెస్తే చెలామణిలో ఉన్న బ్యాంకు నోట్లు ఇస్తామని రాసి ఉంటుంది. అంటే కాగితానికి బదులు మరో కాగితమే దక్కుతుంది! జనం వీటిని షిన్‌ప్లాస్టర్లని, అంటే కాలి గాయానికి అంటించే కాగితపు పట్టీలని ఎగతాళి చేశారంటే ఆశ్చర్యం లేదు.

అసలు కిటుకు అంచున సన్నని అక్షరాల్లో ఉండే ముద్రణ సంస్థ పేరులో ఉంది. భూతద్దం లేకుండా దాన్ని చదవబోకండి. రాడన్, రైట్ అండ్ హాచ్ అనే ముద్రణ సంస్థ పేరులో ఎడ్సన్ అనే భాగస్వామి పేరు 1847లో చేరింది. 1858లో ఏడు సంస్థలు కలిసి అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ ఏర్పడింది. పాత సంస్థ పేరుతో పాటు ఈ కంపెనీ పొడి అక్షరాల చిన్న ముద్ర కూడా ఉంటే, నోటును చెక్కిన లోహపు ఫలక పాతదే అయినా అచ్చు 1858 తరువాతిదని గ్రహించాలి.

సంతకం, వరుస సంఖ్య, తేదీ తరచుగా చేతిరాతలో ఉంటాయి. అవి ఖాళీగా ఉంటే ఆ నోటు చెలామణిలోకి వెళ్లని మిగులు కాగితం. చూపుకు ఎంత శుభ్రంగా ఉన్నా, సంతకంతో నలిగిన నోటే చరిత్రకు దగ్గరని నా అభిప్రాయం. ఆనాటి ఇనుప సిరా కాలక్రమంలో గోధుమరంగుకు తిరిగి, కొన్నిచోట్ల కాగితాన్ని తినేస్తుంది. సంతకం గీతల వెంట నోటు చిట్లడం అందువల్లనే. అలాంటిదాన్ని మడవకుండా, పీవీసీ ప్లాస్టిక్ లేని మైలార్ (పారదర్శక పాలిస్టర్) తొడుగులో ఉంచాలి. టేపు మాత్రం అంటించవద్దు.

అభ్యాసం: ఒక నోటు మీద చేతిరాత తేదీ 1841, అంచున ఎడ్సన్ పేరు ఉన్న ముద్రణ సంస్థ. ఆ తేదీని నమ్మవచ్చునా? కారణంతో రాసి ఉంచుకోండి. జవాబు 4వ పాఠంలో.