ఐసీయూలు నిండిపోయినప్పుడు ఇంట్లో ఏం చూడాలి, ఫోన్‌లో ఏం అడగాలి

కొవిడ్ టైంలో మా నాన్నని చూసుకుంటూ నేర్చుకున్నవి రాస్తున్నా, ఇది డాక్టర్‌కి బదులు మాత్రం కాదు.

ముందు ఒక నోట్‌బుక్ తీస్కోండి. టైం, ఆక్సిజన్, పల్స్, జ్వరం అని గళ్ళు గీసి రోజుకి మూడునాలుగు సార్లు రాయండి. వేలికి పెట్టి ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ పెట్టేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి, చెయ్యి వెచ్చగా ఉండాలి, గోళ్ళకి రంగు ఉండకూడదు. నేను మొదటిరోజు చల్లటి వేలికి పెట్టి 86 చూసి ఇంట్లో అందర్నీ నిద్ర లేపేశా, చెయ్యి రుద్ది మళ్ళీ పెడితే 96! ఒంటిరంగు ముదురుగా ఉన్నవాళ్ళకి అసలు కన్నా కాస్త ఎక్కువ చూపించే ఛాన్స్ కూడా ఉంది, అందుకే ఒక్క అంకె పట్టుకుని కూర్చోకుండా అది ఎటు పోతోందో చూడండి, పొద్దున 97, మధ్యాహ్నం 95, రాత్రికి 93 అయితే పడుకుని లేచాక చూద్దాంలే అనుకోవద్దు.

94 దాటి కిందకి వస్తే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, 90కి వస్తే బయల్దేరడమే. మాట్లాడుతుంటే ఆయాసం, పెదాలు నీలంగా అవడం, ఛాతీలో నొప్పి, అయోమయం ఉంటే నంబర్ బానే ఉన్నా ఆగొద్దు. పేషెంట్ "బానే ఉన్నా" అంటే మాత్రం అస్సలు నమ్మకండి, మా నాన్న 91లో పేపర్ చదువుకుంటూ "నాకేం కాలేదురా" అన్నారు, ఆక్సిజన్ పడిపోయినా ఆయాసం తెలీకపోవడం కొవిడ్‌లో ఉంది. బెడ్ వెతికేలోపు మెలకువగా ఉన్నవాళ్ళని డాక్టర్‌ని అడిగి బోర్లా పడుకోబెట్టొచ్చు, నెలలు నిండుతున్న గర్భిణులకి ఇది వద్దు. స్టెరాయిడ్స్ మాత్రం మీ అంతట మీరు మొదలెట్టకండి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకే పనికొచ్చిందని 2020లో బ్రిటన్‌లో చేసిన రికవరీ ట్రయల్‌లో తేలింది.

ఇక ఫోన్. అందరూ "ఐసీయూ బెడ్ ఉందా" అనే అడుగుతారు, నేనూ అలాగే సగం రోజు వేస్ట్ చేశా. మంచం ఎక్కడైనా వేస్తారు, దాని వెనక పైప్‌లైన్ ఆక్సిజన్, మిషన్, రాత్రంతా చూసే ట్రైనింగ్ ఉన్న నర్సు ఉంటేనే అది ఐసీయూ. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చినప్పుడు మిషన్లు చాలక మెడికల్ స్టూడెంట్లు వంతులేసుకుని చేత్తో గాలి బ్యాగ్ నొక్కి ఊపిరి ఆడించారు, అంటే మనుషులు ఎంత ముఖ్యమో చూడండి. కాబట్టి ఆక్సిజన్ బెడ్డా, హై ఫ్లో (ముక్కు గొట్టంలోంచి ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చే మిషన్) ఉందా, వెంటిలేటర్ ఖాళీగా ఉందా, ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు అని విడివిడిగా అడగండి. 93 ఉన్నవాళ్ళకి చాలాసార్లు మామూలు ఆక్సిజన్ బెడ్డే సరిపోతుంది, పట్టుబట్టి ఐసీయూ బెడ్ తీసుకుంటే అవతల 80లో ఉన్నవాళ్ళకి లేకుండా పోతుంది.

సిలిండర్ లెక్క కూడా తెలిసుండాలి. 1,500 లీటర్లది నిమిషానికి 2 లీటర్ల మీద 12 గంటల పైన వస్తుంది, అదే హై ఫ్లోలో 60 లీటర్లు లాగితే 25 నిమిషాల్లో ఖాళీ. అంబులెన్స్ ఎక్కేముందు గేజ్ మీరే చూడండి, దారి ఎంతసేపో డ్రైవర్‌ని అడిగి అంతకి రెట్టింపు టైంకి సరిపోతుందో లేదో లెక్కేసుకోండి, నోట్‌బుక్ చేత్తో పట్టుకెళ్ళండి.