ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చర్చ వేడెక్కితే: సమస్య – పరిష్కారం

సమస్య: గిట్‌హబ్ (కోడ్ ఉంచి, కలిసి పనిచేసే సైట్) ఇష్యూలో, అంటే ఒక సమస్యను చర్చించే పేజీలో, ఒక్క పూటలో వంద కామెంట్లు. సగం ఎప్పుడూ చూడని పేర్లే.

కారణం: లింకును ఎవరో సోషల్ మీడియాలో పెట్టారు. వచ్చినవాళ్ళలో చాలామందికి మీ కోడ్‌తో పని లేదు.

పరిష్కారం: ముందు జవాబులివ్వడం ఆపండి. ప్రతి జవాబూ నోటిఫికేషన్‌గా వెళ్ళి, జనాన్ని మళ్ళీ అక్కడికే తెస్తుంది. గొడవ రిపోజిటరీ (ప్రాజెక్టు కోడ్, చర్చలు ఉండే చోటు) అంతటా పాకితే సెట్టింగ్స్‌లోని మోడరేషన్ ఆప్షన్స్‌లో ఇంటరాక్షన్ లిమిట్స్ తెరిచి, "ప్రయర్ కంట్రిబ్యూటర్స్" (ఇంతకుముందు కోడ్ అందించినవాళ్ళు మాత్రమే) ఎంచుకుని 24 గంటలు పెట్టండి. గడువయ్యాక అదే తొలగిపోతుంది.

ఒక్క ఇష్యూకే పరిమితమైతే "టూ హీటెడ్" (చర్చ వేడెక్కింది) అనే కారణంతో లాక్ చేస్తే చాలు. ఎందుకు మూస్తున్నారో, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ముందే రాయండి. లాక్ చేశాక కూడా రైట్ యాక్సెస్ (కోడ్ మార్చే అనుమతి) ఉన్నవాళ్ళు రాయగలరు. చాలా ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే: అవతలివాళ్ళ నోరు కట్టేసి, మెయింటైనర్లు (ప్రాజెక్టును నడిపేవాళ్ళు) తమ వాదన వినిపిస్తారు. అది అన్యాయం. దాంతో పోయిన నమ్మకం లాక్ తీసినా తిరిగి రాదు.

తిట్లను డిలీట్ చేయకండి, "అబ్యూజ్" కింద హైడ్ చేయండి. ఏం జరిగిందో తర్వాత చూడటానికి ఆధారం మిగులుతుంది. ఫోన్ నంబరో ఇంటి అడ్రసో బయటపెడితే మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకుని వెంటనే తీసేయండి.

సమస్య: ఇద్దరు పాత కంట్రిబ్యూటర్లు ప్రతి పుల్ రిక్వెస్టు (కోడ్ మార్పును చేర్చమనే అభ్యర్థన)లోనూ అదే వాదన.

కారణం: చాలాసార్లు స్వభావాలు కావు, తేలని సాంకేతిక నిర్ణయం. ఎవరు తేల్చాలో రాసి ఉండదు. రాసి ఉన్నా, ఆ బరువంతా ఒక్కరిమీదే పడకూడదు. పైథాన్‌లో పెప్ 572 (ఆ ప్రోగ్రామింగ్ భాషలో ఒక మార్పుకు ప్రతిపాదన)పై సాగిన వాదనలతో విసిగి, ఆ భాష సృష్టికర్త గీడో వాన్ రోసమ్ 2018 జులైలో నాయకత్వం వదులుకున్నారు. ఆ తర్వాతే ఎన్నికైన ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ వచ్చింది.

పరిష్కారం: రెండు పక్షాల వాదననూ వారు ఒప్పుకునేలా క్లుప్తంగా రాయండి. నిర్ణయించేవారి పేరు, తేదీ ప్రకటించండి. మాట తీరు గురించి విడిగా, ప్రైవేటుగా చెప్పండి. రెండూ ఒకే థ్రెడ్‌లో కలిపితే, మర్యాదగా మాట్లాడమన్నా ఓడించడానికే అన్నారనుకుంటారు.

సమస్య: ఫిర్యాదు చేసినవారికి జవాబు లేదు.

కారణం: కాంట్రిబ్యూటర్ కవనెంట్‌ను (చాలా ప్రాజెక్టులు వాడే ప్రవర్తనా నియమావళి) అలాగే కాపీ చేశారు, సంప్రదించాల్సిన చిరునామా చోటు ఖాళీగానే ఉంది. లేదా మెయిల్ ఒక్కరికే వెళ్తుంది.

పరిష్కారం: కనీసం ఇద్దరికి చేరే చిరునామా పెట్టండి. అందిందని ఆ రోజే చెప్పండి. కవనెంట్ 2.0లోని మెట్లు వాడండి: దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం. హెచ్చరికలో "మీ ప్రవర్తన బాగాలేదు" అని కాకుండా, తప్పుపట్టిన వాక్యాన్నే చూపించండి.

సమస్య: ఫిర్యాదు నాయకులమీదే.

కారణం: మోడరేటర్ల మాట వారికి వర్తిస్తుందని ఎక్కడా లేదు. 2021 నవంబరులో రస్ట్ ప్రోగ్రామింగ్ భాష మోడరేషన్ బృందం మొత్తం రాజీనామా చేసింది, ప్రాజెక్టును నడిపే కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీ కాదన్న కారణంతోనే.

పరిష్కారం: ఆరోపణ ఉన్నవారు ఆ విచారణలో కూర్చోరనీ, ఆ ఫిర్యాదు మెయిళ్ళు వారికి వెళ్ళవనీ, నిర్ణయం వారికీ వర్తిస్తుందనీ గవర్నెన్స్ ఫైల్‌లో (ప్రాజెక్టు నిర్వహణ నియమాలుండే ఫైల్) ముందే రాయండి. ఫిర్యాదు వచ్చాక రాస్తే అది ఒక మనిషిని చూసి రాసిన నియమంలా కనిపిస్తుంది.